ఇరవైమూడో క్యారేజీ

హసావీలో మా గది కిటికీ తెరిస్తే
అవతలి బిల్డింగు గోడ.
తెల్లారి మూడింటికే స్టవ్వు ముట్టిస్తా.
ఇరవైరెండు క్యారేజీలు,
మూతల మీద మార్కరుతో పేర్లు:
వీరబల్లి సుబ్బన్న, కారం తక్కువ.
క్రేను నాగిరెడ్డి, అన్నం రెండు గిన్నెలు.
కొత్తగా దిగిన పిల్లోడు చాంద్‌బాషా
పప్పు చూస్తే ఇల్లు గుర్తొస్తుందని
పప్పు వద్దంటాడు.
ఎవరి ఆకలి ఎంతో నా గరిటెకు తెలుసు.

మంచం మీద నా బిడ్డ జష్విత.
మూడేండ్లకు రెండు నెలలు తక్కువ.
తొమ్మిది కిలోల నాలుగొందల గ్రాములు.

క్లినిక్ కాగితంలో పైకి పోవాల్సిన గీత
పడుకోనుంది.
డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది,
మా ఆయన హిందీలో చెప్పినాడు,
నా చేతికి ఒక టానిక్కు సీసా మిగిలింది.
ఏం పెడతాండావు అని
నన్నెవరూ తెలుగులో అడగలేదు.

అడిగింటే చెప్పేదాన్ని.
లేస్తానే టీలో ముంచిన బిస్కెట్టు.
క్యారేజీలు కట్టేటప్పుడు ఏడవకుండా జ్యూసు ప్యాకెట్టు,
దాని మీద మామిడిపండు బొమ్మ,
నేను మామిడిపండే అనుకున్యా.
మళ్ళీ చిప్సు, మళ్ళీ జ్యూసు.
ఒంటిగంటకు అన్నం చూపిస్తే నోరు బిగించేది.
ఫోన్లో బొమ్మలు పెట్టి ఒక ముద్ద,
ముక్కు మూసి ఇంకో ముద్ద,
ఆ వెనకనే రెండూ నా చీర మీద.

దిష్టి అనింది మా అత్త, వీడియో కాల్లో.
ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి స్టవ్వు మీదేస్తే
ఘాటు రాలేదు గానీ
పైకప్పు అలారం మాత్రం కూసింది.

ఆ మోతకే దిగొచ్చింది పై అంతస్తు ఖాదర్‌బీ.
ఇరవై ఏండ్లు అరబ్బుల ఇండ్లల్లో బిడ్డల్ని సాకిన మనిషి.
నెలలు నిండకముందే పుట్టిన కవలల కోసం
వారానికోసారి వచ్చే నర్సు చెప్పిందంతా
చేతుల్లో దాచుకున్న మనిషి.
జష్విత పిడికిలి మూసి నాకు చూపింది.
"దీని కడుపు ఇంతే మే.
పొద్దస్తమానం తీపి నీళ్ళు పోసి నింపితివి.
ఇంక ఆకలి యాడ కూర్చోవాల?"

ఇరవైరెండు మందికి వండే నాకా చెప్తావని
తలుపేసుకున్యా.
రాత్రి, ఏసీ గురకలో,
బిడ్డ పక్కటెముకలు వేలితో లెక్కపెట్టినా.
తెల్లారి నేనే మెట్లెక్కినా.

తిండి సరిగ్గా లేకుంటే ఆకలి కూడా
నీరసించి పడుకుంటుందని ఆ పొద్దు తెలిసింది.
దాన్ని కొట్టి లేపకూడదంట.
టీ మానిపిచ్చినా, ఆకుకూరలో ఇనుమును అది తాగేస్తుందంట.
పప్పన్నం మెత్తగా పిసికి, నెయ్యేసి,
గుడ్డు సొన కలిపి, నాలుగు చెంచాలే పెట్టి,
ఫోను బియ్యం డబ్బాలో పడేసి,
దాని ఎదురుగా నేనూ ఒక తట్ట పెట్టుకున్యా.
పెండ్లయినాక పగటిపూట
కూర్చోని తినింది నేనూ అప్పుడే.

నాలుగు రోజులు జ్యూసుకోసం నేల మీద పొర్లింది.
అయిదో రోజు మా ఆయన ఒక ప్యాకెట్టు తెచ్చినాడు,
ఇద్దరం మాట్లాడుకోలేదు.
ఖర్జూరం చీల్చి గింజ తీసిస్తే
గింజతో ఆడుకుంది, పండు పారేసింది.

పన్నెండో రోజు, బయట దుమ్ము గాలి,
సుబ్బన్న క్యారేజీకి మూత పెడతాంటే
నా కొంగు పట్టుకున్యాది.
పప్పు గిన్నెలో చెయ్యి పెట్టి, నాకి,
నా మొహం చూసి,
"ఇంగా" అనింది.

రెండు నెలలకు క్లినిక్ తూకంలో
ఏడొందల గ్రాములు పెరిగింది.
అంగట్లో చిన్న కందిపప్పు ప్యాకెట్టు అంత కూడా కాదు.
ఆ ప్యాకెట్టును నేను ఇప్పుడు
రెండు చేతుల్తో ఎత్తుకుంటాండా.

ఆ దుమ్ముగాలి పొద్దు క్యారేజీలు అరగంట లేటు.
క్రేను మీద నుంచే నాగిరెడ్డి ఫోను:
"ఏందక్కా, ఆకలి దంచుతాంది!"
"ఉండన్నా," అన్యా,
"మా ఇంట్లో ఇంకొకరికి అవుతాంది."